గోడకు ఏ క్యాలెండరు తగిలించాలి? గోదావరి జిల్లాల ఇళ్ళకు సమగ్ర మార్గదర్శి

డిసెంబరు మూడో వారం దాటిందంటే గోదావరి జిల్లాల్లో క్యాలెండర్లకు కరువుండదు. ఎరువుల కొట్టాయన ఒకటిస్తాడు. రొయ్యల మేత డీలరు ఒకటిస్తాడు. బంగారం కొట్లో చెవిదిద్దులు కొన్నా చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసి ఒకటి చేతిలో పెడతారు. ఎల్‌ఐసీ ఏజెంటయితే ఇంటికే తెచ్చిస్తాడు. సంక్రాంతి నాటికి అరడజను పోగుపడతాయి. తీరా ఫిబ్రవరిలో “ఏకాదశి ఎప్పుడొచ్చిందర్రా?” అని ఇంట్లో పెద్దావిడ అడిగితే అందరూ ఫోన్లు తీసి వెతుకుతారు. గోడ మీదున్నవాటిలో ఒకదానికి అంకెలు కనబడవు, ఒకదానిలో తిథే లేదు. మూడోదానిలో అన్నీ ఉన్నాయి గానీ అది బీరువా తలుపు వెనక వేలాడుతోంది.

ఊరికే వచ్చింది కదా అని తగిలించేస్తే జరిగేది ఇదే. ఏడాది పొడుగునా రోజూ కళ్ళబడే వస్తువు కాబట్టి ఒక పూట కూర్చుని ఎంచుకోవడంలో తప్పులేదు. నేను చెప్పే పద్ధతిలో ఒక తిరకాసుంది: బొమ్మను చివర చూడాలి. క్యాలెండరు అందంలో సగం బొమ్మది, సగం గడిది. గడి బాగోకపోతే, బొమ్మ ఎంత బాగున్నా మార్చి నెలకల్లా దానివైపు చూడబుద్ధి కాదు.

1. ముందు గోడ

కొట్టుకి వెళ్ళక ముందే టేపు తీసి కొలవండి. మామూలు షీటు క్యాలెండరు 15 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవు ఉంటుంది. పెద్దవి 20కి 30 దాకా ఉంటాయి. డాబా ఇళ్ళలో రెండు తలుపుల మధ్య మిగిలే గోడ చాలాసార్లు అడుగున్నర కూడా ఉండదు. అక్కడ పెద్దది తగిలిస్తే తలుపు తీసినప్పుడల్లా అంచు నలిగి, ఉగాది నాటికి చెవులు వేలాడేస్తుంది. దక్షిణం గోడకు తగిలించకూడదనే పట్టింపు మీ ఇంట్లో ఉంటే అది కూడా ఇప్పుడే తేల్చుకోండి. మేకు కొట్టాక గొడవ ఎందుకు?

సీలింగ్ ఫ్యాను గాలి నేరుగా తగిలే గోడ వద్దు. ట్యూబులైటుకు ఎదురుగోడ అయితే మెరిసే కాగితం మీద వెలుగు పడి రాత్రిపూట సగం తేదీలు కనబడవు. వంటింట్లో పెట్టాలనుకుంటే పొయ్యికి దూరంగా, గుమ్మం పక్కన పెట్టండి. పాలవాడితో మాట్లాడేది అక్కడే, గ్యాసు తేదీ గుర్తొచ్చేది కూడా అక్కడే.

ఎత్తు విషయంలో దాదాపు ప్రతి ఇంట్లోనూ పొరపాటు చేస్తారు. పాత ఫొటో మేకు ఉంది కదా అని దానికే తగిలించేస్తారు. బొమ్మ కంటి ఎత్తులో ఉంటుంది గానీ తేదీలు నడుం దగ్గరికి జారిపోతాయి. లేకపోతే మరీ పైకి పోయి, మామ్మగారు మెడ పైకెత్తి చూడాల్సొస్తుంది. తేదీలున్న భాగం ఇంట్లో పొట్టివాళ్ళ కళ్ళకు ఎదురుగా రావాలి. మేకు ఎక్కడ కొట్టాలన్నది దాన్నిబట్టి తేలుతుంది.

2. మీ ఇంట్లో దాన్ని చూసేదెవరు, ఎందుకు?

ఇది తేలకుండా మంచి క్యాలెండరు, చెడ్డ క్యాలెండరు అనే మాటే లేదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువున్న ఇంట్లో అందరూ చూసేది అమావాస్య, పౌర్ణమి. ఆ రోజుల చుట్టూ మోల్టింగ్ (రొయ్య పెంకు విడవడం) ఎక్కువని రైతుల లెక్క. మేత తగ్గించాలన్నా, చెరువు మీద కాస్త ఎక్కువ కన్నేసి ఉంచాలన్నా ముందుగా తెలియాలి. ఉప్పుటేరు నీళ్ళు తోడుకునేవాళ్ళకూ, అంతర్వేది, ఓడలరేవు వైపు వేటకెళ్ళేవాళ్ళకూ కూడా ఆ రెండే ముఖ్యం. సూర్యచంద్రులు ఒక వరసలోకి వస్తారు గనక అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దదిగా ఉంటుంది, పాటు లోతుగా తీస్తుంది. అష్టమి దగ్గర రెండూ తక్కువే. ఇలాంటి ఇళ్ళలో నల్లటి సున్నా, తెల్లటి సున్నా గది అవతలి చివర నుంచి కనబడేంత పెద్దగా ఉండాలి. మూలన ఆవగింజంత గుర్తు పెట్టినవి ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

తద్దినాలు పెట్టే ఇల్లయితే తిథి ఉంటే చాలదు, తిథి ఎన్ని గంటల వరకూ ఉందో కావాలి. తద్దినానికి చూసేది మధ్యాహ్నం దాటాక, అపరాహ్ణంలో ఉన్న తిథిని. పొద్దున్న ఉన్న తిథి పేరు మాత్రమే వేసి గంటలు వదిలేసిన క్యాలెండరు ఈ పనికి దండగ.

పాల లెక్క, డ్వాక్రా వాయిదా, చీటీ పాట, గ్యాసు బుకింగు రాసుకునేవాళ్ళకు గడిలో ఖాళీ జాగా కావాలి. చర్చికి వెళ్ళే ఇళ్ళలో మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే, ఈస్టరు స్పష్టంగా ఉండాలి. బైబిలు వాక్య క్యాలెండర్లలో వాక్యం పెద్దదై తేదీలు చిన్నవైపోవడం నేను తరచుగా చూసే లోపం. ముస్లిం ఇళ్ళకు హిజ్రీ తేదీ పక్కనే ఉన్నవి కావాలి. నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుందని వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

వీటిలో మీకు కావలసినవి రెండో మూడో ఒక చీటీ మీద రాసుకోండి. అన్నీ కావాలంటే గడి కిక్కిరిసి ఏదీ కనబడదు.

3. గడి చదవడం

కొట్లో క్యాలెండరు చేతికి రాగానే ఏదో ఒక నెల తెరిచి ఒక్క గడి తీసుకుని పూర్తిగా చదవండి. ఉదాహరణకు 14వ తేదీ, శనివారం గడిలో ఇలా ఉందనుకోండి: చవితి తె.3.20, పుబ్బ రా.9.15, వర్జ్యం ప.1.10 ల 2.40.

చవితి శనివారం తెల్లవారుజామున 3.20కి అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కాదు. పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయం దాకా నడుస్తుంది. శనివారం గడిలో ‘తె.3.20’ అని ఉంటే అది మన గడియారం ప్రకారం ఆదివారం తెల్లవారుజామున 3.20. అంటే శనివారం పగలూ రాత్రీ చవితే. మంచి క్యాలెండరు ఈ ‘తె.’ను ‘ఉ.’తో కలిపేయకుండా వేరుగా వేస్తుంది. కొన్నిటిలో రెండింటికీ ఒకటే గుర్తు పెట్టేస్తున్నారు, అలాంటివి తీసుకుంటే ఏడాదంతా అనుమానమే. ‘ల’ అంటే లగాయతు, అప్పటి నుంచి అని. పాత పంచాంగాల అలవాటు, ఇంకా పోలేదు. పోకపోవడమే నాకిష్టం, జాగా కలిసొస్తుంది.

తర్వాత రెండు తిథులు పడిన గడి కోసం వెతకండి. ఒక్కో తిథి 19 గంటల నుంచి 26 గంటల దాకా నడవచ్చు, చంద్రుడి వేగాన్ని బట్టి. అందుకని కొన్నిసార్లు ఒక తిథి పొద్దెక్కాక మొదలై మర్నాడు పొద్దు పొడవక ముందే అయిపోతుంది. ఏ సూర్యోదయానికీ అది ఉండదు. శ్రద్ధగా తయారుచేసిన క్యాలెండరు ఆ గడిలో రెండు తిథుల పేర్లూ, రెండింటి గంటలూ వేస్తుంది. హడావుడిగా చేసింది ఒకటి మింగేస్తుంది. నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చే ఈ ఒక్క గడితో ముద్రించినవాళ్ళ శ్రద్ధ ఎంతో తెలిసిపోతుంది.

పండగ తేదీ గడిలోని తిథితో సరిపోలేదని తొందరపడి తప్పనకండి. దీపావళికి సాయంకాలం అమావాస్య ఉండాలి, శివరాత్రికి అర్ధరాత్రి చతుర్దశి ఉండాలి. పొద్దున్న వేరే తిథి ఉన్నా పండగ ఆ రోజే.

ఇక దూరం. క్యాలెండరును కొట్లో గోడకు ఆనించమని అడిగి, పదడుగులు వెనక్కి నడవండి. తేదీ, వారం కనబడాలి. నాలుగడుగుల దూరం నుంచి తిథి కనబడాలి. వర్జ్యం, దుర్ముహూర్తం దగ్గరికెళ్ళి చూసుకున్నా ఫరవాలేదు. మీ అద్దాలు తీసేసి కూడా ఒకసారి చూడండి, రేపు ఇంట్లో ఎవరూ అద్దాలు పెట్టుకుని క్యాలెండరు దగ్గరికి వెళ్ళరు.

4. ఏ సిద్ధాంతం, ఏ ఊరి పొద్దు?

ఇక్కడే ఎక్కువ మాటలు పట్టింపులకు వస్తాయి. తెలుగు పంచాంగాల్లో దృగ్గణితం (ఆకాశంలో కనబడే గ్రహస్థితికి సరిపోయేలా కట్టే లెక్క) ప్రకారం చేసేవి ఉన్నాయి, పాత సూర్యసిద్ధాంత పద్ధతిలో చేసేవి ఉన్నాయి. రెండింటి మధ్య తిథి ముగిసే వేళలో గంటల తేడా రావచ్చు. అందుకే ఒక్కో ఏడు ఒకే పండగ పక్కపక్క ఇళ్ళలో వేర్వేరు రోజుల్లో జరుగుతుంది. ఏది సరైనదని నేను చెప్పను. మీ పురోహితుడు ఏది చూస్తాడో గోడ మీద కూడా అదే ఉండాలి. లేకపోతే ముహూర్తం అడిగిన ప్రతిసారీ “మా క్యాలెండర్లో ఇలా ఉందేమిటండీ?” అని ఆయన్ని నిలదీయడమే సరిపోతుంది.

సరిచూసుకోవడం తేలికే, చిన్న కిటుకు ఒకటుంది. క్యాలెండరు జనవరి నుంచి, పంచాంగం ఉగాది నుంచి. ఉదాహరణకు 2026 క్యాలెండరు: మార్చి 18 దాకా విశ్వావసు నామ సంవత్సరం, 19న ఉగాదితో పరాభవ. డిసెంబరులో క్యాలెండరు కొనేటప్పుడు పరాభవ పంచాంగం మీ ఇంట్లో ఉండదు, కానీ విశ్వావసు పంచాంగం ఉంటుంది. దాన్ని సంచిలో వేసుకెళ్ళి జనవరి, ఫిబ్రవరి గడులు ఓ పది పోల్చండి. తిథి ముగిసే వేళలు నిమిషాల తేడాలో ఉంటే ఒకే దారి, గంటల తేడా ఉంటే దారులు వేరు. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ముఖ్యమైన తిథులు మరోసారి చూసుకుంటే చాలు. ఏ ఏటి క్యాలెండరుకైనా ఇదే పద్ధతి.

రెండో సంగతి ఊరు. తిథి ముగిసే క్షణం దేశమంతటికీ ఒకటే. సూర్యోదయం అలా కాదు. హైదరాబాదు కంటే భీమవరంలో సుమారు 12 నిమిషాలు, రాజమండ్రిలో 13, కాకినాడలో 15 నిమిషాలు ముందే పొద్దు పొడుస్తుంది. హైదరాబాదుకు లెక్కగట్టిన సూర్యోదయాలు, దుర్ముహూర్తాలు మనకు ఆ మేరకు జరుగుతాయి. మామూలు పనులకు పట్టించుకోనక్కర్లేదు గానీ తిథి సరిగ్గా పొద్దుపొడుపు వేళకే మారే రోజున ఆ పదిహేను నిమిషాలు పండగనే ముందుకో వెనక్కో నెట్టగలవు. క్యాలెండరు మొదటి పేజీ కిందో, వెనకో ‘ఫలానా ఊరి సూర్యోదయానికి’ అని చిన్నక్షరాల్లో వేస్తారు. వేయనివాళ్ళను అడగండి.

రాహుకాలం సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, మంగళవారం మూడు నుంచి నాలుగున్నర అంటూ క్యాలెండరు కింద వేసే పట్టీ, పొద్దు ఆరింటికి పొడిచి ఆరింటికి కుంకుతుందనుకుని వేసిన లెక్క. భారత కాలమానానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడకు దగ్గర్లోనే వెళుతుంది కాబట్టి ఆ పట్టీ మిగతా చాలా ఊళ్ళ కంటే మనకు బాగా నప్పుతుంది. అయినా మే నెలాఖరుకు ఇక్కడ ఐదున్నరకే పొద్దు పొడుస్తుంది, జనవరిలో ఆరున్నర అవుతుంది. రాహుకాలం గట్టిగా పాటించేవాళ్ళు నెలవారీ సూర్యోదయాలు వేసినదే కొనుక్కోవాలి.

5. ఆగస్టు పేజీ తిప్పండి

కొట్లో అందరూ జనవరి పేజీ చూసి కొనేస్తారు. ముద్రించేవాళ్ళకూ ఆ సంగతి తెలుసు, అందుకే జనవరిని ముస్తాబు చేస్తారు. మీరు ఇరుకైన నెల చూడండి. 31 రోజుల నెల శుక్రవారమో శనివారమో మొదలైతే ఆదివారం నుంచి వేసే వరసలు ఆరవుతాయి. 2026లో మే, ఆగస్టు అలాంటివి. ఆరో వరసకు జాగా లేక 30, 31 తేదీలను 23, 24 గడుల్లోనే గీత గీసి ఇరికిస్తారు. ఇరికించిన గడిలో తిథి ఉందా, ఏ తిథి ఏ తేదీదో తెలుస్తోందా చూడండి. ఆగస్టు సగం నుంచి శ్రావణమాసం, నోములూ పేరంటాలూ ఉండే నెల. ఆ పేజీ బాగుంటే మిగతా పదకొండూ బాగుంటాయి.

మే పేజీలో ఇంకో పరీక్ష ఉంది. 2026 మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ఆ తర్వాత నిజ జ్యేష్ఠం. ఆ గీత ఎక్కడ పడిందో పేజీలో కనబడాలి. ‘జ్యేష్ఠం’ అని ఊరికే వేసి వదిలేస్తే తద్దినాల ఇంట్లోనూ, పెళ్ళి ముహూర్తాలు చూసుకునే ఇంట్లోనూ రభసే. మూఢాలు ఎప్పటి నుంచి ఎప్పటి దాకానో కూడా వేసి ఉంటే మరీ మంచిది. ఫంక్షన్ హాలు బయానా ఇచ్చే ముందు అందరూ అడిగేది అదే కదా.

6. సెలవులు

ఎర్రంకెలను గుడ్డిగా నమ్మకండి. క్యాలెండర్లు చాలావరకు వానాకాలం నుంచే అచ్చవుతుంటాయి, ప్రభుత్వ సెలవుల జీవో ఆ తర్వాత ఎప్పుడో వస్తుంది. పైగా హైదరాబాదులో తయారైనవాటిలో తెలంగాణ సెలవులైన బోనాలకూ జూన్ 2కూ ఎర్రరంగు వేసినవి కనబడతాయి. బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు. అది 2015 సెప్టెంబరు నుంచి ఉన్నదే, అయినా కొన్ని క్యాలెండర్లకు ఇంకా తెలియదు.

7. కాగితం, రేకు

మన గాలిలో తేమ ఎక్కువ, సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పు కూడా. రెండు రకాల కాగితం ఎక్కువగా వాడతారు. మెరుపు లేని మ్యాప్‌లిథో మీద రంగులు కాస్త వెలిసినట్టు పడతాయి గానీ బాల్‌పెన్నుతో హాయిగా రాసుకోవచ్చు. ఆర్టు పేపరు మీద బొమ్మ నిగనిగలాడుతుంది, పెన్ను మాత్రం జారుతుంది, సిరా చేతికంటుకుంటుంది. ఆర్టు పేపరు మీద తెల్లమట్టి, సుద్ద లాంటి పూత ఉంటుంది. వానాకాలం తడి గాలికి పేజీలు ఒకదానికొకటి అతుక్కుని, విడదీస్తే కనకమహాలక్ష్మి ముఖం అవతలి పేజీకి వెళ్ళిపోతుంది. రాసుకునే ఇంటికి మ్యాప్‌లిథోయే సరి. బొమ్మ ఆర్టు పేపరు మీద, తేదీలు మ్యాప్‌లిథో మీద ఉండే రకం దొరికితే వదలకండి. జేబులో పెన్ను తీసి, కొట్టువాణ్ణి అడిగి, మూల మీద ఒక గీత గీసి వేలితో రాయండి. చెరగకపోతే కొనొచ్చు.

పల్చటి కాగితం తేమకు అలలు తిరుగుతుంది. పేజీని వెలుగుకెత్తి చూస్తే వెనకవైపు అక్షరాలు ఇటు కనబడకూడదు.

పైన బిగించే రేకు పట్టీ ఉప్పుగాలికి తుప్పు పట్టి సున్నం గోడ మీద ఎర్రటి చార దింపుతుంది. నరసాపురం, అమలాపురం వైపు ఇళ్ళలో ప్లాస్టిక్ పట్టీయో, పూత వేసిన స్పైరలో మేలు. స్పైరల్ ఉన్నదాన్ని పేజీ తిప్పి వెనక్కి వేసుకోవచ్చు, చింపే పని లేదు. పోయిన నెల పాల లెక్క మళ్ళీ చూసుకోవాలంటే ఇదే పనికొస్తుంది. రోజుకో కాగితం చింపే రకం పిల్లలున్న ఇంట్లో సరదాయే. కానీ నెల మొత్తం ఒక్కసారి కనబడదు కాబట్టి అదొక్కటే చాలదు.

అచ్చు నాణ్యత చూడ్డానికి ఎర్రటి చిన్నక్షరాల దగ్గరికి కళ్ళు తీసుకెళ్ళండి. అక్షరం అంచున పసుపో గులాబీయో నీడలా బయటికి తొంగిచూస్తే రంగుల పలకలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోలేదన్నమాట. ఆ బండిల్‌లో ఇంకొకటి తీయించండి, ఒక్కోసారి బాగున్నది దొరుకుతుంది.

8. ఇప్పుడు బొమ్మ

దేవుడి బొమ్మలంటే మొదట గుర్తుకొచ్చేది రవివర్మ. 1894లో ఆయన బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టి లక్ష్మినీ సరస్వతినీ మామూలు ఇళ్ళ గోడల మీదికి తెచ్చాడు. ఇవాళ్టి క్యాలెండరు లక్ష్మి నిలబడే తీరు అక్కడిదే. మన జిల్లాల్లోనూ కంటికి కరువేం లేదు. బాపు 1933లో నరసాపురంలో పుట్టినవాడు, చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట చిత్రశాల రాజమండ్రిలోనే ఉంది. అలాంటి గీత మీద కన్ను పడినవాళ్ళు, పూలూ దీపాలూ మెరుపులూ దట్టించిన బొమ్మతో ఏడాది గడపలేరు. గీత తక్కువగా, ఖాళీ ఎక్కువగా ఉన్న బొమ్మను ఎంచుకోండి. ఎక్కువకాలం చూసినా విసుగు పుట్టదు.

ఈమధ్య కంప్యూటరు చేత గీయించిన దేవుళ్ళు కొట్ల నిండా ఉన్నారు. తళతళలాడుతుంటారు. ముందు వేళ్ళు లెక్కపెట్టండి. తర్వాత వెంకటేశ్వరస్వామి కుడిచేతి వైపు చక్రం, ఎడమచేతి వైపు శంఖం ఉన్నాయో లేదో చూడండి. తిరగేసి అచ్చువేసినవీ ఉంటాయి. ఇంటికొచ్చిన పెద్దాయన ఎవరో చూసి, అందరి ముందూ అనేదాకా తెచ్చుకోవద్దు.

గోదావరి బొమ్మలంటే పాపికొండలు, ధవళేశ్వరం, కొబ్బరితోటల మధ్య కాలువ. రాజమండ్రి హేవలాక్ వంతెన కూడా ఉంటుంది, 1900 నుంచి దాదాపు నూరేళ్ళు రైళ్ళను మోసిన వంతెన కదా. కాటన్ దొర ఫొటో ఉన్న క్యాలెండరును ఈ పక్క రైతులు ఏడాదయినా తీయరు. 1852లో ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే ఈ డెల్టాకు ఈ పచ్చదనం వచ్చింది మరి. ప్రకృతి బొమ్మల్లో ఒకటి గమనించండి: పన్నెండు నెలలకు పన్నెండు ఫొటోలున్నప్పుడు సగం కేరళవి అయి ఉంటాయి. కేరళ పడవ పైకప్పు వేరు, మన లాంచీ వేరు.

తేదీల వెనక లేతగా బొమ్మ పరిచినవి మాత్రం ఎంత బాగున్నా వద్దు. అంకె కనబడదు, బొమ్మా కనబడదు. ఊరికే ఇచ్చేవాటిలో కింద ప్రకటన మూడోవంతు దాటితే అది క్యాలెండరు కాదు, మీ గోడ మీద వాళ్ళ బోర్డు. నాయకుల ఫొటోల క్యాలెండర్ల సంగతి మీ ఇష్టం, చుట్టాలింట్లో వేరే పార్టీవాళ్ళు ఉంటారని మాత్రం గుర్తుంచుకోండి.

9. ఎక్కడ, ఎప్పుడు?

పంచాంగం పనికి ఏలూరు వెంకట్రామా అండ్ కో క్యాలెండరు చాలా ఇళ్ళలో తరాలుగా ఉన్నది. రాజమండ్రిలో గొల్లపూడి వీరాస్వామి సన్ వాళ్ళు పంచాంగాలకూ భక్తి పుస్తకాలకూ పేరున్నవాళ్ళు. బొమ్మ కోసమయితే టీటీడీ పన్నెండు షీట్ల క్యాలెండరును చాలామంది ఫ్రేము కట్టించుకుంటారు, ముందే అయిపోతుంది కాబట్టి డిసెంబరు మొదట్లోనే చూసుకోవాలి. కాలనిర్ణయ్ 1973లో మరాఠీలో మొదలై తెలుగులోనూ వస్తోంది. పేజీ వెనక చదువుకునే సరుకుండటం దాని ప్రత్యేకత. ఏది తీసుకున్నా పైన చెప్పిన పరీక్షలు తప్పించకండి, పేరు చూసి వదిలేయొద్దు.

మీ మిల్లు పేరో సంఘం పేరో వేయించి పంచాలనుకుంటే డిసెంబరు దాకా ఆగకండి. బొమ్మలు ఎక్కువగా తమిళనాడులోని శివకాశివి. అక్కడ తమిళుల ఆడి మాసం 18వ రోజున, అంటే ఆగస్టు మొదట్లో, కొత్త శాంపిల్ ఆల్బమ్‌లు విడుదల చేస్తారు. మన ఊళ్ళ ప్రెస్సులవాళ్ళు అవే తెచ్చి చూపిస్తారు. సెప్టెంబరులో వెళితే మంచి బొమ్మ మీది. నవంబరులో వెళితే పక్క ఊరి మిల్లుకు ఇచ్చిన బొమ్మే మీకూ వస్తుంది, కింద పేరు మాత్రం మారుతుంది. సెలవుల కోసం ఆంధ్రప్రదేశ్ తేదీల ప్యాడే కావాలని నోటితో చెప్పడం కాదు, ఆర్డరు కాగితం మీద రాయించండి.

10. తగిలించిన రోజే చేయాల్సినవి

పాత క్యాలెండరు పక్కన పెట్టుకుని కూర్చోండి. తద్దినాలను తేదీ చూసి కాదు, తిథి చూసి కొత్తదానిలోకి ఎక్కించండి. పుట్టినరోజులు, ఇన్సూరెన్సు, చీటీ తేదీలు ఇంకో రంగుతో.

తర్వాత మన ఊరివి. బయట ఊళ్ళలో అచ్చయిన క్యాలెండర్లకు కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం తెలియదు, భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం తెలియదు, అత్తిలి సుబ్రహ్మణ్య షష్ఠి తెలియదు. ఆ రోజుల్లో ఆ రోడ్ల మీద బస్సు దొరకదు గనక వెళ్ళనివాళ్ళకూ తెలిసి ఉండాలి. కార్తీకంలో పంచారామాలకు వెళ్ళాలనుకునే సోమవారం చుట్టూ గీత గీయండి. వేట మీద బతికే ఇంట్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం గుర్తుపెట్టాలి. దాళ్వా (రెండో పంట వరి) చేసేవాళ్ళు కాలువలు కట్టేసే తేదీ, మళ్ళీ నీళ్ళు వదిలే తేదీ ప్రకటన రాగానే రాసుకుంటారు. అందుకు ఏప్రిల్, జూన్ గడుల్లో జాగా ఉంచండి. 2027 క్యాలెండరు కొనేటప్పుడు గోదావరి పుష్కరాల పన్నెండు రోజులూ వేసి ఉన్నాయో లేదో చూసి మరీ కొనండి. నది ఒడ్డున ఇల్లున్నవాళ్ళకు ఆ తేదీలు చుట్టాల తేదీలు.

పెన్సిలు ఒకటి పురికొసతో మేకుకే కట్టేయండి. పాలు రాని రోజు గడిలో అడ్డగీత, అరలీటరు తగ్గితే ½, ఎక్కువ పోయించుకుంటే పైన చిన్న అంకె. నెలాఖరున పాలావిడ వచ్చి నిలబడితే లెక్క గోడ మీదే ఉంటుంది, వాదన ఉండదు.

11. పాతదాన్ని ఏం చేయాలి?

దేవుడి బొమ్మ ఉందని కాలువలో వేయకండి, రావిచెట్టు మొదట్లో వదిలేయకండి. బొమ్మను అంచుల దగ్గర కత్తిరించి ఫ్రేము కట్టించండి, లేదా పిల్లల పుస్తకాలకు అట్టలు వేయండి. తద్దినాల తిథులు రాసిన పేజీలను మాత్రం ఇంకో ఏడాది పంచాంగంతో పాటు దాచండి. 2015 పుష్కరాలనాటి క్యాలెండరు బొమ్మ బాగుందని ఎవరైనా దాచుకుని ఉంటే, 2026కి తేదీలూ వారాలూ దానితో సరిగ్గా సరిపోతాయి, బయటికి తీసి తగిలించుకోవచ్చు. తిథులు మాత్రం కలవవు. వాటికి 2007 క్యాలెండరు దగ్గరగా వస్తుంది, పందొమ్మిదేళ్ళకోసారి తిథులు దాదాపు అవే తేదీలకు తిరిగొస్తాయి. అధిక జ్యేష్ఠం ఆ ఏడు కూడా వచ్చింది. రేకు పట్టీలు ఊడదీసి పాత సామాన్లవాడికి వేసేయండి, కాగితంతో కలిపి ఇస్తే వాడు తూకం తగ్గిస్తాడు.